జర్మనీ బ్లూ కార్డు: ఆఫర్ చేతిలో ఉంటే ఏజెంటు అవసరమా?

మీరు అడిగింది ఇది: జేఎన్‌టీయూలో బీటెక్ మెకానికల్, ఆరేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇప్పుడు జర్మనీ కంపెనీ నుంచి ఏడాదికి 49 వేల యూరోల ఆఫర్. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ "బ్లూ కార్డు (డిగ్రీ స్థాయి ఉద్యోగాలకు వచ్చే విదేశీయులకిచ్చే నివాస, పని అనుమతి) గ్యారంటీ" అంటూ రెండు లక్షలు అడుగుతోంది, ఇవ్వాలా అని.

ఇవ్వొద్దు. ఆఫర్ చేతిలో ఉన్నాక ఏజెంటు చేసిపెట్టేది దాదాపు ఏమీ లేదు. వీసా ఫీజు 75 యూరోలు. డిగ్రీని జర్మన్ డిగ్రీతో పోల్చి ఇచ్చే సర్టిఫికెట్ అవసరమైతే దానికి 208. అసలు కాగితాలన్నీ మీ దగ్గరో, కంపెనీ హెచ్‌ఆర్ దగ్గరో, అక్కడ మీకు ఇల్లు అద్దెకిచ్చే ఓనరు దగ్గరో ఉంటాయి. ఆ ముగ్గురి మధ్యలో ఏజెంటుకు చోటేది? నేను ఈ దారిలోనే వచ్చి ఇక్కడ జర్మనీలో పనిచేస్తున్నాను. తర్వాత మా టీమ్‌లో చేరిన మనవాళ్ల ఫైళ్లు కూడా దగ్గరుండి చూశాను. వీసా రాక ఆగిపోయినవాళ్లు వాళ్లలో లేరు. అందరినీ ఏడిపించింది వచ్చాక దొరకని ఇల్లే.

ముందు జీతం సంగతి. బ్లూ కార్డుకు కావలసిన కనీస జీతం ఏటా మారుతుంది. 2025లో 48,300 యూరోలు, 2026లో 50,700. అంటే మీ 49 వేలు ఈ ఏడాది మామూలు పరిమితికి చాలవు. కంగారు పడకండి, మనుషుల కొరత ఉన్న వృత్తులకు తక్కువ పరిమితి వేరే ఉంది, ఐటీ అందులోనే వస్తుంది. 2026లో అది 45,934.20 యూరోలు. కాకపోతే ఈ తక్కువ పరిమితి కింద వెళ్తే అక్కడి ఉపాధి సంస్థ (బుండెస్‌అగెంటూర్ ఫ్యూర్ ఆర్బైట్) ఆమోదం కూడా కావాలి. అదే పని చేసే స్థానికుల కంటే మీకు తక్కువ ఇస్తున్నారేమో అని వాళ్లు చూస్తారు. డిగ్రీ చూపించి వెళ్తూ పై పరిమితి దాటితే ఈ మెట్టు ఉండదు. అందుకే నా సలహా: సంతకం పెట్టేముందు హెచ్‌ఆర్‌ను "50,700 చేయగలరా" అని అడిగి చూడండి. ఏడాదికి 1,700 యూరోలు కంపెనీకి పెద్ద మొత్తం కాదు, వాళ్లకూ పని తగ్గుతుంది. అడగడానికి మొహమాటం వద్దు, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.

మన సీటీసీ లెక్క ఇక్కడ నడవదు. "పనితీరును బట్టి బోనస్" అని రాస్తే అది పరిమితి లెక్కలోకి రాదు, కాంట్రాక్టులో ఖాయంగా ఇస్తామని రాసిన మొత్తాన్నే చూస్తారు. అన్నట్టు, 49 వేలు అన్నది కోతలకు ముందు అంకె. పన్ను, పెన్షన్, ఆరోగ్య బీమా అన్నీ పోయాక ఒంటరిగా ఉండేవారికి నెలకు చేతికొచ్చేది సుమారు 2,600 యూరోలు. ఇంట్లో వాళ్లకు రూపాయల్లోకి మార్చి చెప్పేటప్పుడు ఈ అంకె చెప్పండి, ఆ 49 వేలది కాదు.

ఇక మెకానికల్ డిగ్రీతో ఐటీ ఉద్యోగమంటే ఒప్పుకుంటారా అన్న మీ భయం. 2023 నవంబర్‌లో నిబంధనలు మారాక అది పెద్ద అడ్డంకి కాదు. గత ఏడేళ్లలో కనీసం మూడేళ్లు ఐటీలో డిగ్రీ స్థాయి పని చేసిన అనుభవం ఉంటే, డిగ్రీ లేకపోయినా బ్లూ కార్డు ఇస్తున్నారు, జీతం ఆ తక్కువ పరిమితి దాటితే చాలు. మీకు ఆరేళ్లుంది. అయితే అనుభవాన్ని నిరూపించేది కాగితమే. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశారు" అన్న రెండు లైన్ల రిలీవింగ్ లెటర్ సరిపోదు. ఏ పని, ఏ టెక్నాలజీ, ఏ బాధ్యతలు అని వివరంగా రాసిన లెటర్ ఇప్పుడున్న కంపెనీలో ఉండగానే తీసుకోండి. మానేశాక ఫోన్ ఎత్తరు.

డిగ్రీ చూపించి వెళ్లేట్టయితే అనబిన్ అనే జర్మన్ డేటాబేస్‌లో చూసుకోవాలి. అక్కడ వెతకాల్సింది మీ కాలేజీ పేరు కాదు, డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ పేరు. జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురంగా విడిపోయింది కాబట్టి మీ సర్టిఫికెట్ మీద ఏది ఉందో దాన్నే చూడండి. యూనివర్సిటీకి హెచ్ ప్లస్ (గుర్తింపు ఉందని తెలిపే గుర్తు) ఉండి, మీ డిగ్రీ కూడా సరిసమానమని కనిపిస్తే ఆ పేజీల ప్రింట్ చాలు. లేకపోతేనే ఆ 208 యూరోల సర్టిఫికెట్. మనలో చాలామంది ప్రొవిజినల్, కన్సాలిడేటెడ్ మెమో పెట్టుకుని ఏళ్లు గడిపేస్తారు, ఓడీకి (ఒరిజినల్ డిగ్రీకి) అప్లై చేయనే చేయరు. ఈ రోజే చేయండి. పేరు కూడా చూసుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక ఉండటం మామూలే, దానికి భయం లేదు. కానీ ఒకచోట ఇనీషియల్, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు ఉంటే వీసా ఆఫీసు ప్రశ్నలు వేస్తుంది, ముందే సరిచేసుకోవడం మేలు.

తొందరగా కావాలంటే ఫాస్ట్‌ట్రాక్ పద్ధతి ఉంది. అది మీరు మొదలుపెట్టేది కాదు. మీ తరఫున కంపెనీయే అక్కడి విదేశీయుల ఆఫీసులో 411 యూరోలు కట్టి ముందస్తు ఆమోదం తీసుకుంటుంది. ఆ కాగితం వచ్చాక మీరు అపాయింట్‌మెంట్ అడిగితే మూడు వారాల్లోపు ఇవ్వాలి, అప్లికేషన్ పూర్తిగా ఇచ్చాక మామూలుగా ఇంకో మూడు వారాల్లో నిర్ణయం చెప్పాలి. హెచ్‌ఆర్‌కు ఈ సంగతి తెలియకపోవచ్చు, చిన్న కంపెనీలకు అసలే తెలియదు.

ఇప్పుడు ఇల్లు. వీసాతో వచ్చాక ప్లాస్టిక్ రెసిడెన్స్ కార్డు తీసుకోవాలి. ఆ కార్డుకు ముందు అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు కావాలి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో అది చేయించుకోవాలని చట్టం. దానికి ఓనరు సంతకం పెట్టిన కాగితం ఉండాలి. తాత్కాలికంగా అద్దెకిచ్చే చాలామంది ఆ కాగితం ఇవ్వరు. అది లేకపోతే నమోదు లేదు, నమోదు లేకపోతే పన్ను నంబర్ పోస్టులో రాదు, ఆ నంబర్ లేకపోతే మొదటి జీతాల్లో పన్ను ఎక్కువ కోసే ప్రమాదం (తర్వాత సర్దుబాటవుతుంది లెండి). అందుకే కంపెనీ మొదటి రెండు మూడు నెలలకు వసతి ఇస్తానంటే సంతోషపడే ముందు "ఆ అడ్రసు మీద నమోదుకు ఒప్పుకుంటారా" అని ఒక్క ప్రశ్న అడగండి. ఇల్లు చూపించకుండా ముందే డబ్బు పంపమనేవాళ్లను నమ్మొద్దు. డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదు, అదీ హీటింగ్ వగైరా ఖర్చులు కలపని అద్దె మీద. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. ఇంకో చిన్న సంగతి, పోస్టుబాక్సు మీద మీ పేరు అంటించండి. ఇక్కడ పోస్ట్‌మ్యాన్ పేరు చూసే ఉత్తరం వేస్తాడు, లేకపోతే వెనక్కి పంపేస్తాడు. మన పేర్లు పొడుగు కాబట్టి ఇంటిపేరు ఒక్కటి రాసినా చాలు.

కార్డు అపాయింట్‌మెంట్ దొరకడం ఊరిని బట్టి ఉంటుంది. మా ఊళ్లో నెలల తరబడి ఈమెయిళ్లకు జవాబే లేదు. వీసా గడువు ముగియకముందే అప్లికేషన్ పెట్టేయాలి, పెట్టినట్టు రుజువు దాచుకోవాలి. అలా పెడితే నిర్ణయం వచ్చేదాకా మీ పాత హక్కులు, ఉద్యోగంతో సహా, కొనసాగుతాయి. దానికి ఫిక్ట్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక కాగితం ఇస్తారు. ఇండియాకు పెళ్లికో పండక్కో వెళ్లాలనుకుంటే టికెట్ కొనకముందే దాని మీద ఏ సెక్షన్‌కు టిక్ పెట్టారో చూడండి. అక్కడి నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగో క్లాజు అయితే వెళ్లి తిరిగి రావచ్చు, మూడో క్లాజు అయితే దాంతో తిరిగి రానివ్వరు.

మీ భార్యను తీసుకొచ్చే విషయం తేలిక. బ్లూ కార్డు ఉన్నవారి భాగస్వామికి జర్మన్ పరీక్ష అడగరు, వచ్చాక ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. గుళ్లో ఇచ్చిన పెళ్లి రసీదు కాకుండా రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి.

ఉద్యోగం పోతే? వెంటనే వెళ్లిపొమ్మనరు. కానీ కంపెనీ నాలుగు వారాల్లో విదేశీయుల ఆఫీసుకు చెప్పాలి, మీరూ చెప్పాలి, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా మూడు నెలలు దొరుకుతాయి. మొదటి 12 నెలల్లో కంపెనీ మారితే ఆఫీసుకు తెలియజేయాలి, వాళ్లు ఆపే అవకాశం ఉంటుంది. ఆ తర్వాత ఆ బాధ లేదు. జర్మన్ భాషలో ఏ1 (ప్రాథమిక స్థాయి) ఉంటే 27 నెలలకు, బీ1 (మధ్య స్థాయి) ఉంటే 21 నెలలకు శాశ్వత నివాసానికి అప్లై చేయొచ్చు, అన్ని నెలలూ పెన్షన్ చందా కట్టి ఉండాలి. ఏజెంటుకు ఇవ్వాలనుకున్న డబ్బులో కొంత జర్మన్ క్లాసులకు పెట్టండి, ఇప్పటి నుంచే.