ఉప్పునీటి అక్వేరియంలో పగడం: వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఫ్లాట్‌లో 60 లీటర్ల చిన్న ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నాను. ఏడాది కిందట వాట్సాప్‌లో పరిచయమైన ఒకాయన దగ్గర రెండు కోరల్ (పగడం) ముక్కలు, ఏడు కిలోల లైవ్ రాక్ (జీవులు పట్టిన సముద్రపు రాళ్లు), రెండు క్లౌన్ ఫిష్ కలిపి 18 వేలకు కొన్నాను. ఏ తెగులూ ఉండదని గ్యారంటీ ఇచ్చాడు. మూడు నెలల్లో రాళ్ల నిండా ఐప్టేషియా అనే పురుగు మొలిచింది. ఒక కోరల్ చచ్చిపోయింది. డబ్బు వెనక్కి అడిగితే నంబర్ బ్లాక్ చేశాడు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తానంటే, అటవీ శాఖలో పనిచేసే మా బావమరిది ‘ముందు నువ్వే లోపలికి పోతావు’ అని భయపెడుతున్నాడు. నిజమేనా? ఆ పురుగుల్ని చంపడం కూడా నేరమా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ బావమరిది కటువుగా చెప్పినా తప్పు చెప్పలేదు. మీరు రాసిన నాలుగు విషయాల్లో మీకు చిన్నదిగా కనిపించిన కోరల్ సంగతే అన్నిటికంటే పెద్దది.

పగడాన్ని చాలామంది రాయి అనో, మొక్క అనో అనుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో అది జంతువు. వెన్నెముక లేని జీవులు కూడా ‘జంతువు’ నిర్వచనంలోకి వస్తాయి. 2001లో కేంద్రం గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాన్నీ, ఆర్గాన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫాన్‌లనూ షెడ్యూల్ 1లో చేర్చింది. అంటే మీది గట్టి పగడమైతే, పులి ఉన్న పట్టికలోనే మీ హాల్లోని వేలెడంత ముక్క కూడా ఉంది. సీ హార్స్ అనే సముద్రపు గుర్రం చేపలది కూడా అదే పరిస్థితి. (జాతకం చూపించుకుని పగడపు ఉంగరం పెట్టుకున్నవాళ్లు నాకు ఫోన్లు చేయకండి. అది వేరే జాతి, వేరే చర్చ.)

‘ఇది సముద్రంలోంచి తెచ్చింది కాదు, నా ట్యాంకులో పెరిగిన దాన్నే విరిచి ఇచ్చాను’ అని అమ్మినాయన మీతో అనే ఉంటాడు. ఈ హాబీలో అందరూ చెప్పే మాటే ఇది. అయితే చట్టం నిర్బంధంలో పుట్టి పెరిగిన షెడ్యూల్ జంతువును కూడా కలిపే చూస్తుంది. పైగా సెక్షన్ 57 ప్రకారం, ఆ ప్రాణి మీ దగ్గర ఉందని రుజువైతే చాలు, అది అక్రమంగా ఉంచుకున్నదనే కోర్టు భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది మీరే. బిల్లు లేదు, అనుమతి కాగితం లేదు, అమ్మినవాడి అసలు పేరైనా తెలుసో లేదో! దేంతో నిరూపిస్తారు?

శిక్ష మాటకొస్తే, షెడ్యూల్ 1 జంతువు విషయంలో కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక కనీస జరిమానా 25 వేలు. కనీస శిక్ష ఉన్న నేరం కాబట్టి డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు లేదు. అలాగని రేపు పొద్దున్నే వచ్చి పట్టుకుపోతారని కాదు. 7 ఏళ్ల వరకు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు యాంత్రికంగా చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందస్తు బెయిలు కోసం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 482 కూడా ఉంది. కాబట్టి కాస్త నిద్రపోండి.

ఇక మీ 18 వేల సంగతి. గ్యారంటీ ఇచ్చి తెగులున్న సరుకు అంటగట్టడం వేరే వస్తువైతే మంచి కేసే. 2019 వినియోగదారుల చట్టం కింద రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు, 5 లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా ఉండదు. కానీ అమ్మకమే నిషిద్ధమైన వస్తువు మీద ఒప్పందం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం చెల్లదు. చెల్లని ఒప్పందం మీద పరిహారం ఇప్పించమని ఏ కమిషన్‌నూ అడగలేం. దానికి మించిన చిక్కు ఇంకొకటి ఉంది. ‘ఫలానా తేదీన ఫలానా వ్యక్తి దగ్గర కోరల్ కొన్నాను’ అని మీరే సంతకం పెట్టి ఇచ్చిన ఫిర్యాదు రేపు మీమీదే సాక్ష్యమవుతుంది. కోరల్ మాట తీసేసి లైవ్ రాక్‌కు మాత్రమే వేద్దామా అనుకోవచ్చు. పగడపు దిబ్బల నుంచి తీసిన లైవ్ రాక్ అంటేనే చాలావరకు చచ్చిన పగడాల గూడు. ప్రాణం పోయినంత మాత్రాన దానికున్న రక్షణ పోదు. ఇక మిగిలింది క్లౌన్ ఫిష్. అవి షెడ్యూల్‌లో లేవు, తమిళనాడు మండపంలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రంలో వాటి పిల్లల్ని పుట్టించే పద్ధతి ఎప్పుడో సాధించారు. కానీ మీ చేపలు హాయిగా ఈదుతున్నాయి కదా, వాటిమీద ఏమని ఫిర్యాదు చేస్తారు? ఆ 18 వేలు పోయినట్టే రాసుకోండి.

‘కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసేస్తే సరిపోతుంది’ అని ఎవరైనా సలహా ఇస్తే ఆగండి. 2024లో వచ్చిన ఆ రిజిస్ట్రేషన్ నియమాలు వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం (సైటీస్) పరిధిలో ఉండి, షెడ్యూల్ 4లోకి వచ్చిన ప్రాణుల కోసం. షెడ్యూల్ 1 పగడానికి అది గొడుగు కాదు.

పురుగుల గురించి అడిగారు. ఐప్టేషియా నిజానికి పురుగు కాదు, సీ ఎనిమోన్ జాతి. కుట్టే టెంటకిల్స్‌తో పక్కనున్న కోరల్‌ను చంపుతుంది. అది షెడ్యూల్‌లో లేదు కనుక చంపడం వేట కిందికి రాదు. కత్తితో గీకకండి, చిన్న తునక మిగిలినా మళ్లీ మొలుస్తుంది. సున్నాన్ని చిక్కగా కలిపి సిరంజితో దాని నోటి మీద వేయడం హాబీలో పాత చిట్కా. ఒకేరోజు ఎక్కువ వేస్తే నీటి పీహెచ్ పెరిగి చేపలకు ముప్పు కాబట్టి రోజుకు రెండు మూడింటితో ఆపాలి. పెప్పర్‌మింట్ రొయ్య దీన్ని తింటుంది. రాగి కలిసిన మందులు వాడారో, రొయ్యలు, మిగిలిన కోరల్ కూడా పోతాయి. ఆ కోరల్ ఉన్నంతకాలం అలాంటి మందు పోయడమంటే షెడ్యూల్ 1 జంతువును చంపడమే, అది రెండో నేరం.

విసిగిపోయి ఆ రాళ్లను మరిగించాలని మాత్రం చూడకండి. వాటి మీద జోయాంథిడ్ అనే బటన్ పాలిప్‌లు కూడా ఉంటే ఆవిరితో పాలిటాక్సిన్ అనే విషం గాల్లోకి వస్తుంది. అలా మరిగించి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో జరిగాయి. అలాగే ఓ రాత్రివేళ రుషికొండ వెళ్లి అంతా సముద్రంలో వదిలేద్దామనే ఆలోచన కూడా వద్దు. ట్యాంకులోని తెగుళ్లు, పరాయి జీవులు సముద్రంలో చేరతాయి. తర్వాత ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆధారాలు మాయం చేశారన్న మాటా పడుతుంది.

మరేం చేయాలి? వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి, అది చేతికొస్తే 48 గంటల్లో పోలీసులకో, అధీకృత అధికారికో తెలపాలని సెక్షన్ 39 చెబుతుంది. మీకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. 2022లో వచ్చిన స్వచ్ఛంద అప్పగింత సెక్షన్ 42ఎ కూడా యాజమాన్య సర్టిఫికెట్ ఉన్నవారికే. అంటే మిమ్మల్ని వదిలేస్తామనే హామీ చట్టంలో ఎక్కడా లేదు, నేనూ ఇవ్వలేను. అయినా నా అభిప్రాయం అడిగితే, ఎవరో ఫిర్యాదు చేసేదాకా కూర్చోవడం కంటే, క్రిమినల్ కేసులు చూసే స్థానిక న్యాయవాదిని ముందు కలిసి, ఆయన ద్వారా అటవీ శాఖ అధికారి అయిన డీఎఫ్ఓకు రాతపూర్వకంగా తెలిపి అప్పగించడమే మేలు. తెలిసీ వ్యాపారం చేసినవాడికీ, తెలియక కొని తానే వచ్చి చెప్పినవాడికీ అధికారులు, కోర్టులు తేడా చూస్తాయి. మీ అంతట మీరే ఒంటరిగా వెళ్లి ఏమీ సంతకం చేయొద్దు. బావమరిదిని ఇందులోకి లాగొద్దు, ఉద్యోగంలో ఉన్న మనిషి.

ఆ వాట్సాప్ సంభాషణ, డబ్బు పంపిన యూపీఐ రసీదు చెరిపేయకండి. అమ్మినవాణ్ని పట్టుకోవడానికి అటవీ శాఖ దగ్గర ఉండబోయేది ఆ రెండే. చేపలకు మాత్రం సిమెంటుతో చేసిన కృత్రిమ రాళ్లు పెట్టుకోండి. నీళ్లలో నానబెట్టి, పీహెచ్ దిగాకే ట్యాంకులో వేయండి.