ఫారం కోళ్లకు గూడు కట్టే ముందు వాటి కాళ్లు చూడండి

ఒడిశాలోని గుణుపురం నుంచి మీరు అడిగింది చదివాను. దగ్గరలోని ఫారం వాళ్లు ముసలి లేయర్ కోళ్లను, అంటే గుడ్ల కోసం పెంచిన కోళ్లను, కోతకు పంపేస్తుంటే పదింటిని ఇంటికి తెచ్చుకున్నారు. సగం కోళ్లకు ఈకలు లేవు. ఇంట్లో ఇప్పటికే నాటుకోళ్లు ఉన్నాయి. కొత్తవాటికి గూడు ఎలా కట్టాలి, రెండింటినీ కలిపి ఉంచవచ్చా అన్నది మీ ప్రశ్న. నేను పర్లాకిమిడిలో ఉంటాను. మా పెరట్లో ఇలాంటి కోళ్లు కొన్నేళ్లుగా ఉంటున్నాయి, ఆ అనుభవంతో చెబుతున్నాను.

నాటుకోళ్ల గురించి మనకు తెలిసినదంతా కాసేపు పక్కన పెట్టండి. నాటుకోడిని గంప కింద మూసినా సర్దుకుంటుంది, పొద్దు వాలితే ఎవరూ పిలవకుండానే ఇల్లు చేరుతుంది. ఫారం కోడి ఏడాదికి పైగా ఏ4 కాగితమంత చోటు కూడా లేని తీగల బోనులో, చీకటి పడ్డాక కూడా వెలిగే దీపాల కింద బతికింది. దానికి సాయంత్రం తెలియదు, నేల తెలియదు, కర్రెక్కి కూర్చోవడం తెలియదు. పైగా ఒంట్లోని సున్నం చాలావరకు గుడ్డు పెంకులకే పోయి ఎముకలు గుల్లబారి ఉంటాయి. అందుకే గూడు కింద మెత్తగా, లోపల కూర్చునే చోటు తక్కువ ఎత్తులో, చుట్టూ మాత్రం కోటలా ఉండాలి.

కోళ్లు కూర్చునే కర్ర సంగతి ముందు చెబుతాను, చాలామంది తప్పేది అక్కడే. మన వైపు వెదురు చవక కాబట్టి ఛాతీ ఎత్తున ఒక బొంగు అడ్డంగా కట్టేస్తారు. వెదురు నున్నగా ఉండి కాలు జారుతుంది, దాని పగుళ్లలో పేలు, నల్లులు చేరతాయి. బలహీనమైన కోడి అంత ఎత్తు నుంచి దూకితే రొమ్ము ఎముక విరగవచ్చు. రెండంగుళాల వెడల్పున్న చెక్క బద్దె తీసుకుని, అంచులు గుండ్రంగా చిత్రిక పట్టించి, నేలకు అడుగు ఎత్తున మాత్రమే బిగించండి. ఒక్కో కోడికి ఎనిమిది నుంచి పది అంగుళాల బద్దె కావాలి. ఎక్కడానికి అడ్డపట్టీలు కొట్టిన వాలుపలక ఒకటి పెట్టండి. మొదట్లో అవి ఎక్కవు, మూలన ఒకదాని మీద ఒకటి పడి పడుకుంటాయి. పడుకోనివ్వండి. కాళ్లలో బలం వచ్చాక వాటంతట అవే నేర్చుకుంటాయి.

నేల మీద మూడు నాలుగు అంగుళాల మందాన వరి ఊక పరచండి. రైస్ మిల్లులో అడిగితే దొరుకుతుంది. రంపపు పొట్టు వద్దు, దాని సన్నని దుమ్ము కోళ్ల ఊపిరికి మంచిది కాదు. రెండు మూడు రోజులకొకసారి ఊకను తిరగేయాలి, తడిసినచోట ఎత్తి పారేసి కొత్తది వేయాలి. శుభ్రంగా ఉందో లేదో నిలబడి చూస్తే తెలియదు. లోపలికి వెళ్లి కోడి తల ఎత్తుకు వంగి గాలి పీల్చండి. కళ్లు మండితే రెట్ట నుంచి వచ్చే ఘాటు వాయువు, అమోనియా, పేరుకున్నట్టే.

ఇక కోట సంగతి. కొండ పక్క ఊళ్లలో పగలు ముంగిస, రాత్రి పునుగుపిల్లి, అడవిపిల్లి, ఎప్పుడైనా ఊరకుక్క. వీటిలో ఏదో ఒకటి తప్పకుండా వస్తుంది. ఆరుమూలల కన్నాలున్న సన్నని కోళ్ల వల కోళ్లను లోపల ఆపుతుందే గాని కుక్కను బయట ఆపలేదు, పంటితో పట్టి లాగితే చిరిగిపోతుంది. దుకాణంలో అరంగుళం కన్నాల వెల్డ్‌మెష్ (తీగలను అతికించి చేసిన గట్టి వల) అడగండి. ధర ఎక్కువే, కానీ డబ్బు పెట్టవలసింది అక్కడే. గోడలు, పైకప్పు దగ్గర పొదుపు చేసుకోవచ్చు. అంగుళం సందు చాలు, పాము దూరుతుంది. తవ్వి వచ్చే పందికొక్కులనూ కుక్కలనూ ఆపడానికి మెష్‌ను నేల దగ్గర బయటివైపు ఒక అడుగు మడిచి, పైన రాళ్లు పేర్చండి. తలుపుకు కొక్కెం ఒక్కటే చాలదు, కుక్క మూతితో ఎత్తేస్తుంది. గడియ వేసి దానికి ఒక చీల గుచ్చండి. గుడ్లు సాయంత్రానికల్లా తీసేస్తే పాములు, ఉడుములు వచ్చే అవకాశం తగ్గుతుంది.

పది కోళ్లకు ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గది చాలు, బయట తిరగడానికి కనీసం వంద చదరపు అడుగుల ఆవరణ ఉండాలి. పొడవు తూర్పు పడమరలుగా పెడితే ఎండ నేరుగా లోపల పడదు. గోడ రెండడుగులు కట్టి పైనంతా మెష్ వేయండి. వానకు, డిసెంబరు చలికి గోనెపట్టా పరదా వేయవచ్చు, అయితే దాన్ని కింద బిగించి పైకి లాగేలా అమర్చండి. పైన ఒక అడుగు ఎప్పుడూ తెరిచి ఉండాలి. రేకుల పైకప్పయితే మే నెలలో లోపల నిప్పులకొలిమే. రేకు మీద తాటాకు కప్పి మధ్యాహ్నం నీళ్లు చల్లండి. రేకులను కొక్కెపు బోల్టులతో బిగించడం మరవకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానును చూసిన గజపతి జిల్లా వాళ్లకు కారణం చెప్పనక్కరలేదు.

గుడ్ల పెట్టెలు మూడు చాలు, అడుగు పొడవు, అడుగు వెడల్పు, నేలకు దగ్గరగా. మూలన ఒక పాత బేసిన్‌లో పొడి మట్టి, కట్టెల బూడిద కలిపి పెట్టండి. బోనులో పెరిగిన కోడి కూడా అందులో పొర్లడం ఎవరూ నేర్పకుండానే మొదలుపెడుతుంది. ఆ దృశ్యం కోసమైనా వీటిని పెంచవచ్చు.

మేత విషయంలో తొందర వద్దు. ముక్కు కత్తిరించి ఉంటుంది కాబట్టి నేల మీద చల్లిన నూకలు ఏరుకోవడం వాటికి కష్టం. లోతైన గిన్నెలో పాత లేయర్ దాణానే తడిపి పెట్టండి, సున్నం కోసం పక్కన వేరే చిప్పలో ఆలిచిప్పల పొడి ఉంచండి. ఈక తయారయ్యేది మాంసకృత్తులతోనే. దాణా మానేసి వడ్లు, తవుడు మాత్రమే పెడితే ఈకలు రావు. ఫారంలో నిపుల్ గొట్టాల నుంచి (ముక్కుతో పొడిస్తే నీటి చుక్క వచ్చేవి) నీళ్లు తాగిన కోడి గిన్నెలోని నీళ్లను గుర్తుపట్టకపోవచ్చు. మొదటి రోజు ఒక్కోదాని ముక్కు నీళ్లలో ముంచి చూపించండి. పొద్దు వాలాక ఒక్కోదాన్ని ఎత్తి లోపల పెట్టే పని కూడా కొన్నాళ్లు మీదే.

నాటుకోళ్లతో ఇప్పుడే కలపకండి. ఫారం కోళ్లకు కొక్కెర తెగులు (రాణీఖేత్) టీకాలు వేసే ఉంటారు. టీకా పడిన కోడి పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే రోగాన్ని మోసుకురాగలదు, దానికి బలయ్యేది టీకా లేని మీ నాటుకోళ్లు. కనీసం మూడు వారాలు దూరంగా వేరే చోట ఉంచండి, వేరే గిన్నెలు వాడండి, ముందు నాటువాటికి మేత వేసి తర్వాతే కొత్తవాటి దగ్గరకు వెళ్లండి. ఈలోగా బ్లాకు పశువైద్యశాలలో అడిగి నాటుకోళ్లకు టీకా వేయించండి. ఆ తర్వాత మధ్యలో మెష్ అడ్డుపెట్టి కొన్నాళ్లు ఒకదానినొకటి చూసుకోనివ్వండి. కలిపేటప్పుడు మేతగిన్నెలు రెండు చోట్ల పెట్టాలి, లేకపోతే నాటుపుంజు, పెట్టలు కలిసి వీటిని తిండి దగ్గరకు రానివ్వవు. పొడుచుకోవడం కొంత మామూలే. రక్తం కనిపిస్తే మాత్రం ఆ కోడిని వెంటనే విడదీసి, గాయం మానేదాకా మళ్లీ వదలకండి. ఎర్రగా కనబడే చోటనే మిగతావన్నీ పొడుస్తాయి.