రెండు భవనాల మధ్య 140 మీటర్ల కేబుల్: లింకు తెగిపోవడానికి కారణం

రెండు భవనాలను 140 మీటర్ల క్యాట్ 6 (రాగి తీగల నెట్‌వర్క్) కేబుల్‌తో కలిపితే లింకు మాటిమాటికీ తెగిపోతోందనీ, స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే పరికరం) మార్చినా ఫలితం లేదనీ మీరు రాశారు. లోపం స్విచ్‌లో కాదు, దూరంలో ఉంది. మెలితిప్పిన రాగి తీగల జతలపై నడిచే ఈథర్నెట్‌కు (కేబుల్ నెట్‌వర్క్ పద్ధతికి) ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ దూరం, రెండు చివరల ప్యాచ్ కేబుళ్లతో (పరికరాలకు తగిలించే పొట్టి కేబుళ్లతో) కలిపి, 100 మీటర్లు మాత్రమే. అది దాటితే సంకేతం బలహీనపడి, పక్క జతల నుంచి వచ్చే అలజడి నుంచి దాన్ని వేరుచేయడం కష్టమవుతుంది.

మధ్యలో మరో స్విచ్ పెట్టవచ్చు గానీ, ఆరుబయట దానికి విద్యుత్తూ, వాన నుంచి రక్షణా కావాలి కనుక నేను సూచించను. లోహపు కవచం లేని సింగిల్ మోడ్ ఆప్టికల్ ఫైబర్ (కాంతి రూపంలో సంకేతాలను మోసే సన్నని గాజు పోగు) వేయించి, రెండు చివరలా దానికి సరిపోయే మీడియా కన్వర్టర్లు (కాంతి సంకేతాలను విద్యుత్ సంకేతాలుగా, విద్యుత్ సంకేతాలను కాంతిగా మార్చే పరికరాలు) అమర్చండి. గాజు పోగు విద్యుత్తును ప్రసరింపజేయదు కాబట్టి, రెండు భవనాల ఎర్తింగ్‌ల మధ్య ఉండే వోల్టేజీ తేడా గానీ, సమీపంలో పడిన పిడుగు ప్రభావం గానీ ఆ దారిలో పరికరాలను చేరదు. నిజానికి, దూరం 100 మీటర్ల లోపే ఉన్నా ఈ ఒక్క కారణంతో ఫైబర్‌నే ఎంచుకునేవాణ్ని.

తవ్వడం వీలుకాకపోతే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి (రెండు భవనాలను రేడియో తరంగాలతో కలిపే పరికరాల జత) పనిచేస్తుంది. అయితే రెండు యాంటెన్నాల మధ్య చెట్ల కొమ్మలు అడ్డురాకూడదు. తడిసిన ఆకులు ఆ తరంగాలను బాగా పీల్చుకుంటాయి.