కొవ్వాడలో ప్రమాదం జరిగితే ఎవరు కట్టాలి?

ప్రశ్న: మా చిన్నక్కను శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపు ఇచ్చాం సార్. పక్కనే కొవ్వాడలో అమెరికా కంపెనీ అణు విద్యుత్ ప్లాంటు వస్తుందని ఏళ్ల తరబడి అంటున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా అక్కకు అదే టెన్షన్. రేపు ఏదైనా జరిగితే ఆ కంపెనీ పరిహారం ఇస్తుందా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: నేరుగా ఇవ్వదమ్మా. అక్కడ అనుకుంటున్నవి వెస్టింగ్‌హౌస్ డిజైన్ చేసిన 6 రియాక్టర్లు, ఒక్కొక్కటి 1208 మెగావాట్లు. ఆ కంపెనీ యంత్రాలు అమ్ముతుంది, ప్లాంటు నడిపేది మాత్రం మన కేంద్ర ప్రభుత్వ సంస్థ న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్. బాధితులు పరిహారం అడగాల్సింది నడిపేవాళ్లనే. తప్పెవరిదో మీ అక్కావాళ్లు నిరూపించక్కర్లేదు, అంతవరకు మంచిదే.

అసలు పేచీ ఆ తర్వాతిది. 2010లో పార్లమెంటు అణు నష్టపరిహార చట్టం చేసినప్పుడు 17(బి) అని ఒక క్లాజు పెట్టారు. సరఫరా చేసిన సామానులో లోపం వల్ల ప్రమాదం జరిగితే, కట్టిన పరిహారాన్ని నడిపే సంస్థ ఆ సరఫరాదారు దగ్గర తిరిగి రాబట్టుకోవచ్చు. 1984 భోపాల్ విషవాయువు ప్రమాదానికి యూనియన్ కార్బైడ్ కంపెనీ 1989లో 47 కోట్ల డాలర్లతో సెటిల్‌మెంట్ చేసి చేతులు దులుపుకుంది కదా, ఆ మంట జనంలో ఇంకా ఆరకపోబట్టే ఆ క్లాజు వచ్చింది. విదేశీ కంపెనీలకు అది మింగుడుపడలేదు. కొవ్వాడను మొదట ఇచ్చింది జీఈ-హిటాచీ అనే మరో విదేశీ రియాక్టర్ల కంపెనీకి, వాళ్లు వెనక్కి తగ్గింది ఈ బాధ్యత భయంతోనే.

2025 డిసెంబరులో వచ్చిన ‘శాంతి’ (SHANTI) అనే కొత్త అణు విద్యుత్ చట్టం ఆ పాత చట్టాన్నే రద్దు చేసింది. ఇప్పుడు సరఫరాదారు నుంచి రాబట్టాలంటే ఆ మాట ఒప్పందంలో రాసుకుని ఉండాలి, లేదా కావాలనే నష్టం చేసి ఉండాలి. కావాలని రియాక్టర్ ఎవరు పాడు చేస్తారమ్మా? నడిపే సంస్థ కట్టాల్సిన దానికి ఒక పరిమితి ఉంది, అది దాటితే కేంద్రం కట్టాలి. అంటే లోపం కంపెనీది, డబ్బు మనది. నాకైతే ఇది చాలా అన్యాయంగా కనిపిస్తోంది. పెట్టుబడి రావాలి, కరెంటు కావాలి, కాదనను, కానీ తన యంత్రం మీద తనకే పూచీ లేని వాడి దగ్గర 60 ఏళ్లు నడవాల్సిన రియాక్టర్ ఎలా కొంటాం? పైగా ఈ వెస్టింగ్‌హౌసే 2017లో దివాలా పిటిషన్ వేసింది.

తిరుపతిలో ఉన్న మనకెందుకు అనుకోకండి, పరిమితి దాటాక కేంద్రం కట్టేది మన పన్నులే. అక్కావాళ్ల ఊళ్లో సభ పెడితే భూమి రేటుతో పాటు ఇంకో ప్రశ్న కూడా అడగమనండి: సరఫరాదారు బాధ్యత ఒప్పందంలో రాస్తున్నారా లేదా? రాస్తే ఆ పేజీ తెలుగులో చూపించమని గట్టిగా పట్టుబట్టమనండి.