ప్రత్యర్థి మతం మీద మైదానంలో మాట: దంబుల్లాలో ఒకటి, షార్జాలో నేను విన్నది ఒకటి

అంతర్జాతీయ క్రికెట్‌లో ఒక ఆటగాడు ప్రత్యర్థి మతం గురించి వ్యాఖ్యానిస్తే దానికి శిక్ష వేయాలా, లేక స్లెడ్జింగులో భాగమని వదిలివేయాలా అని మీరు అడిగారు. శిక్ష వేయవలసిందేనని నా సమాధానం. అయితే దానిని స్లెడ్జింగు అనడం దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. స్లెడ్జింగు అనేది బ్యాట్స్‌మన్ ఏకాగ్రత చెడగొట్టి వికెట్ తీయడానికి వాడే మాట. మతం విషయంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ రకం కాదు. వికెట్‌తో పని లేకుండా, నవ్వు ముఖంతో, మన మేలు కోరుతున్నట్లుగా చెప్పే మాట అంతకంటే లోతుగా గుచ్చుకుంటుంది. తిట్టు అయితే తిరిగి తిట్టవచ్చు. హితవు చెప్పినవాడిని తిడితే తప్పు మనదే అవుతుంది.

దీనికి నాకు తెలిసిన స్పష్టమైన ఉదాహరణ 2014 ఆగస్టు 30న శ్రీలంకలోని దంబుల్లాలో జరిగిన శ్రీలంక, పాకిస్తాన్ మూడవ వన్డే. పాకిస్తాన్ 102 పరుగులకే ఆలౌటయింది. శ్రీలంక ఏడు వికెట్ల తేడాతో సునాయాసంగా గెలిచి సిరీస్‌ను 2-1తో దక్కించుకుంది. ఆట ముగిసి అందరూ పెవిలియన్ వైపు నడుస్తుండగా పాకిస్తాన్ ఓపెనర్ అహ్మద్ షెహజాద్ పక్కనే నడుస్తున్న శ్రీలంక ఆటగాడు తిలకరత్నే దిల్షాన్‌తో, ముస్లిం కానివాడు ముస్లిం అయితే జీవితంలో ఏమి చేసినా నేరుగా స్వర్గానికే వెళతాడని అన్నాడు. దిల్షాన్ ఏదో జవాబు చెప్పాడు. దానికి షెహజాద్, అయితే నిప్పుకు, అంటే నరకానికి, సిద్ధంగా ఉండమన్నాడు. ఇదంతా టీవీ ప్రసారంలో వినిపించింది. అది ఇద్దరి మధ్య వ్యక్తిగత సంభాషణ మాత్రమేనని షెహజాద్ తరువాత తమ బోర్డుకు చెప్పుకున్నాడు. శ్రీలంక నుంచి అధికారికంగా ఫిర్యాదు రాలేదు. చివరకు పాకిస్తాన్ బోర్డే తనంతట తాను విచారణ జరిపి చర్య తీసుకుంది.

ఆ రోజులలో చాలామంది షెహజాద్ తరఫున ఒక వాదన చేశారు. దిల్షాన్ పుట్టినప్పటి పేరు తువాన్ మహమ్మద్ దిల్షాన్; తండ్రి మలయ్ ముస్లిం, తల్లి సింహళ బౌద్ధురాలు. తల్లిదండ్రులు విడిపోయిన తరువాత ఆయన పేరు మార్చుకుని తల్లి మతంలోనే కొనసాగాడు. కాబట్టి షెహజాద్ పరాయివాడిని పిలవలేదు, ఇంటివాడినే ఇంటికి రమ్మన్నాడు అని ఆ వాదన. ఇది నాకు మరీ అన్యాయంగా తోచింది. కీపర్ తల మీదుగా బంతిని లేపే దిల్‌స్కూప్ అనే షాట్‌కు తన పేరు అంటగట్టుకున్న మనిషిని, ఆ పేరులోని ముందు భాగం ఒకప్పుడు ఏమిటో తవ్వి, దాని ఆధారంగా నీ ఇల్లు ఇదీ అని మరొకరు నిర్ణయించడం ఏమి న్యాయం?

నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే నా సంగతి చెప్పుకోవాలి. నేను గుంటూరు జిల్లాకు చెందిన లూథరన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. మా నాన్నగారు నాకు పెట్టిన పేరు మాత్రం గుడిలో పిలిచినా చర్చిలో పిలిచినా అతికే పేరు. మా ప్రాంతంలో ఇది వింత కాదు. షార్జాలో ఉద్యోగం చేసిన సంవత్సరాలలో శుక్రవారం ఉదయాన పారిశ్రామిక ప్రాంతం వెనుక ఉన్న ఇసుక నేల మీద, టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టి క్రికెట్ ఆడేవాళ్ళం. మాది తెలుగువారి జట్టు. అక్కడ అప్పట్లో వారాంతపు సెలవు శుక్రవారమే కనుక చర్చిలలో ఆరాధన కూడా ఆ రోజే జరిగేది. షార్జాలో చర్చిలున్న యర్ముక్‌లో ఉదయం ఆరాధన ఎగ్గొట్టి సాయంత్రానికి వెళతానని నేను చెప్పే సాకును నా భార్య ఏనాడూ నమ్మలేదు.

దంబుల్లా సంఘటన జరిగిన కొద్ది వారాలకే మాకు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ కుర్రాళ్ళ జట్టుతో ఆట పడింది. వాళ్ళ కీపర్ మంచి మాటకారి. అంతకు ముందు ఒకసారి నా కారు ఇసుకలో దిగబడితే చెప్పులు వదిలేసి వచ్చి తోసినవాడు. నేను ఇరవై పరుగుల దగ్గర ఉండగా వెనుక నుంచి హిందీలో, నవ్వుతూ అన్నాడు: "భయ్యా, మనసు మంచిది, ఆట మంచిది. ఆ రాళ్ళకు మొక్కడం ఒక్కటి మానేయండి, మీకు స్వర్గం ఖాయం." స్లిప్‌లో ఉన్నవాడు కూడా నవ్వాడు. అప్పుడు నాకు కలిగిన భావాన్ని సరిగ్గా చెప్పడం ఈనాటికీ కష్టమే. నేను రాళ్ళకు మొక్కను. ఆ మాట గురి తప్పింది కాబట్టి నాకు తగలకూడదు. అయినా తగిలింది. నేను హిందువును కానని చెబితే, ఆ మాట నాకు కాక నా జట్టులోని మిగతా పదిమందికి చెల్లుతుందని ఒప్పుకున్నట్లు అవుతుంది. చెప్పకపోతే నేను నేను కాకుండా పోతాను. ఇవన్నీ ఆలోచించడానికి బౌలర్ తిరిగి తన గుర్తు దగ్గరకు నడిచి వెళ్ళినంత సమయమే ఉంది. ఆ తరువాతి బంతికే బౌల్డయ్యాను. ఆ తప్పు మాత్రం పూర్తిగా నాదే, బంతి నేరుగా వచ్చింది.

ఇటువంటి ఆటలలో బ్యాటింగ్ జట్టువాడే అంపైరుగా నిలబడతాడు. మావాడు మాట విన్నాడు, అక్కడ ఒక్క ముక్క మాట్లాడలేదు, ఓవరు ముగిశాక మాత్రం వచ్చి అందరికీ చెప్పాడు. దానితో మా జట్టు భగ్గుమంది. మేము బౌలింగ్ చేసేటప్పుడు, అదే కీపర్ బ్యాటింగ్‌కు రాగానే కరీంనగర్ నుంచి వచ్చిన మా కుర్ర ఫాస్ట్ బౌలర్ అతని గడ్డాన్నీ నమాజునూ కలిపి ఒక మాట అన్నాడు. ఆ మాట నేను ఇక్కడ రాయను. ఆ కీపర్ ముఖం మాడిపోయింది. మధ్యాహ్నపు జుమ్మా నమాజుకు వాళ్ళు వెళ్ళవలసి ఉండడం వల్ల ఆట త్వరగా ముగిసింది, లేకపోతే కొట్లాట అయ్యేది.

తిరుగు ప్రయాణంలో ఆ కుర్రవాడు, "అన్నా, మన దేవుళ్ళను పట్టుకుని నిన్ను అంత మాట అంటే ఊరుకుంటామా?" అన్నాడు. నేను చర్చికి వెళతానని అప్పుడు చెప్పవలసి వచ్చింది. రెండేళ్ళుగా కలిసి ఆడుతున్నాము; ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. బండిలో ఏసీ చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. కాసేపటికి ఒకాయన, "అయితే మీరు ముందే చెప్పవలసింది కదండీ" అన్నారు, నేను ఏదో దాచి మోసం చేసినట్లుగా. నిజం చెబుతున్నాను, కీపర్ మాట కంటే ఈ మాట ఎక్కువ కాలం నాలో ఉండిపోయింది.

ఇక శిక్షల విషయం. అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) నియమావళి జాతి, రంగులతో పాటు మతాన్ని కూడా స్పష్టంగా పేర్కొంటుంది. అంటే లోపం నియమంలో లేదు, ఫిర్యాదు చేసేవాడు లేకపోవడంలో ఉంది. ఇంగ్లండ్ ముస్లిం ఆటగాడు మొయిన్ అలీ, 2015లో ఆస్ట్రేలియాతో యాషెస్ సిరీస్ కార్డిఫ్ టెస్టులో ఒక ఆస్ట్రేలియా ఆటగాడు తనను ఒసామా అని పిలిచాడని 2018లో వచ్చిన తన ఆత్మకథలో రాశాడు. మూడేళ్ళ తరువాత విచారిస్తే ఏమి తేలుతుంది? ఆ ఆటగాడు తాను అలా అనలేదన్నాడు, ఆస్ట్రేలియా బోర్డు విషయాన్ని మూసివేసింది. దీనికి భిన్నంగా 2019 జనవరిలో డర్బన్ వన్డేలో పాకిస్తాన్ కెప్టెన్ సర్ఫరాజ్ అహ్మద్ దక్షిణాఫ్రికా ఆటగాడు ఆండిలే ఫెలుక్వాయోను ఉర్దూలో నల్లవాడా అని పిలిచినది వికెట్ల దగ్గర అమర్చే స్టంప్ మైకులో వినబడింది కనుక నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. ఆ రోజు ఫెలుక్వాయో నాలుగు వికెట్లు తీసి, 69 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. సర్ఫరాజ్ ఉక్రోషానికి కారణం అదే. అయితే ఆ వాక్యంలో రెండవ సగం కూడా ఉంది: మీ అమ్మ ఇవాళ ఎక్కడ కూర్చుని ఉంది, నీ కోసం ఏ ప్రార్థన చదివించుకుని వచ్చావు అని. అంటే ఎదుటివాడి తల్లిని, ప్రార్థనను కూడా ఆటలోకి లాగాడు. చర్చ ఎక్కువగా మొదటి పదం చుట్టూనే తిరిగింది. వ్యాఖ్యాతలేమో ఇటువంటివి బయటపడినప్పుడల్లా స్టంప్ మైకును తిట్టిపోస్తారు, అదే మైకులో కీపర్ల జోకులు వినిపిస్తే మాత్రం పడి పడి నవ్వుతారు.

అందువల్ల నా అభిప్రాయం ఇది. మాట పడినవాడు ఫిర్యాదు చేయాలని ఎదురుచూడకూడదు, ఎందుకంటే అతను చేయడు. జట్టు సిరీస్ మధ్యలో ఉంటుంది, రేపు అదే మనిషితో హోటల్ లిఫ్టులో ఎక్కవలసి ఉంటుంది, పైగా తన మతం ఏమిటో, ఎంత నమ్ముతాడో లోకానికి వివరించుకోవలసి వస్తుంది. అంపైరుకు నివేదించే అధికారం ఇప్పటికే ఉంది. మతం మాట చెవిన పడితే అతడే ఆ రోజే రాయాలి, అది నవ్వుతూ అన్నదా కోపంతో అన్నదా అని తూకం వేయకూడదు. మా అంపైరు ఆ శుక్రవారం కీపర్‌ను పక్కకు పిలిచి ఒక్క మాట చెప్పి ఉంటే మా కుర్రవాడు నోరు పారేసుకునేవాడు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

దంబుల్లా వీడియోను నేను చాలాసార్లు చూశాను. షెహజాద్ మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. మధ్యలో దిల్షాన్ చెప్పిన జవాబు మాత్రం ఎంత శబ్దం పెంచినా వినబడదు. నేనైతే ఆ రోజు కీపర్ వైపు తిరగకుండా, అప్పటికే ఇరవై పరుగులు చేసి ఉండి కూడా, క్రీజులోకి రాగానే బ్యాట్స్‌మన్ నిలబడే చోటు కోసం అడిగే లెగ్ స్టంప్ గార్డ్ చూపించమని అంపైరును మళ్ళీ అడిగాను.