సమాధానం: నాన్నగారి మార్ఫిన్ మాత్రలు తగ్గిపోతున్నాయి, డాక్టరుకు చెప్పాలా?

క్యాన్సర్ నొప్పికి నాన్నగారు వాడే మార్ఫిన్ మాత్రలు లెక్కకు మించి తగ్గిపోతున్నాయని, మీ తమ్ముడు తీసుకుంటున్నాడేమోనని అనుమానంగా ఉందని రాశారు. డాక్టరుకు తప్పకుండా చెప్పండి. చెబితే మందే ఆపేస్తారన్న మీ భయం అర్థమవుతోంది. కానీ దాచిపెడితే నష్టం ఎక్కువ: మాత్రలు ముందే అయిపోతే నాన్నగారే మోతాదు మించి వాడుతున్నారని డాక్టరు అనుకోవచ్చు.

అడగవలసింది మోతాదు తగ్గించమని కాదు, ఒకేసారి ఇచ్చే మాత్రల సంఖ్య తగ్గించమని. నెలకు సరిపడా కాకుండా వారానికి సరిపడా రాయించుకోండి. ఒకే డాక్టరు, ఒకే మందుల దుకాణం ఉంటే లెక్క తేలికగా తెలుస్తుంది. మాత్రలను తాళం ఉన్న పెట్టెలో పెట్టి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకుని, వేసిన ప్రతి మాత్రనూ రాసుకోండి. మిగిలినవి దుకాణంలో తిరిగి తీసుకుంటారేమో అడగండి.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఎంతో అవసరమైన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో అది ఉంది. కొంతకాలం వాడాక శరీరం దానికి అలవాటు పడడం సహజం, అది వ్యసనం కాదు. అందుకే హఠాత్తుగా ఆపకూడదు; నొప్పి తిరగబెడుతుంది, వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి.

ఇక మీ తమ్ముడి సంగతి. మీ అనుమానం నిజమైతే తిట్టి లాభం లేదు. బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ అనే మందులతో మార్ఫిన్ వ్యసనానికి మంచి చికిత్స ఉంది. నిద్రమాత్రలు గానీ మద్యం గానీ మార్ఫిన్‌కు తోడైతే శ్వాస ఆగిపోవచ్చు. మార్ఫిన్ మోతాదు మించినప్పుడు దానికి విరుగుడుగా ఇచ్చే నాలోక్సోన్ అనే మందును ఇంట్లో ఉంచుకోవడం గురించి డాక్టరును ఈ వారమే అడగండి. ఎప్పుడైనా లేపినా లేవకుండా, శ్వాస నెమ్మదించి, కనుపాపలు సూదిమొనంత అయితే వెంటనే అంబులెన్స్ పిలవండి.