కౌన్సిలర్ గారి మీద 27 అభియోగాలా?

సందేహం: మాస్టారికి నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా వార్డు కౌన్సిలర్ గారు నెలనెలా ఇంటింటికీ ఒక కాగితం పంచుతారు. ముందు పక్క ఒడియా, వెనక పక్క తెలుగు. ఈ నెల తెలుగు ఇలా ఉంది: "గత మాసంలో ప్రజల వద్ద నుండి 27 అభియోగాలు అందినవి. అందులో 19 అభియోగాల సమాధానం చేయబడినది. మూడు వీధుల నర్దమాలు పరిష్కారం చేయబడినవి. నా చేష్ట వలన బోరింగు మరమ్మతు చేయబడినది. దుకాణదారులు వ్యవసాయ లైసెన్సు నవీకరణ చేసుకోగలరు. హోల్డింగ్ ట్యాక్సు బకాయిలు నెలాఖరులోగా చెల్లించగలరు." మొదటి వాక్యం చదివి మా ఆవిడ "ఈయన మీద ఇన్ని కేసులున్నాయా!" అని కంగారు పడింది. అక్కడ 'ఫిర్యాదులు' అని ఉండాలని నేనంటే, పక్కింటి పెద్దాయన ఒప్పుకోలేదు. ఫిర్యాదు ఉర్దూ మాటట, అభియోగమే చక్కటి తెలుగట. 'చేయబడినది' తెలుగే కాదని మా అబ్బాయి వాదన. ఎవరిది ఒప్పు? – ఒక పాఠకుడు

సమాధానం: మీ ఇంట్లో అందరికంటే ముందు ఒప్పు కనిపెట్టింది మీ ఆవిడ గారు. ఆవిడ కంగారు పడ్డారు చూడండి, దానికి మించిన సాక్ష్యం నాకు ఏ నిఘంటువులోనూ దొరకదు.

సంస్కృతంలో 'అభియోగం' అంటే పూనిక, దాడి, నేరం మోపడం. మూడో అర్థమే కోర్టు దారిన మనకు చేరింది. పోలీసులు వేసేది అభియోగపత్రం, కోర్టు నమోదు చేసేవి అభియోగాలు. తెలుగువాడికి ఆ మాట వినగానే బోను గుర్తొస్తుంది. ఒడియాలో అదే మాట 'అభిజోగ' అయి, కోర్టు మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. కుళాయి రాలేదన్నా, దీపం వెలగలేదన్నా అది అభిజోగే. కలెక్టరు గారు జనం గోడు వినే కార్యక్రమం కూడా 'అభిజోగ శుణాణి'. కనుక కాగితం ముందు పక్కన ఆ మాట నూటికి నూరుపాళ్లు సరైనదే. వెనక పక్కకు తిప్పేటప్పుడు రాసినాయన 'జో'ను 'యో' చేసి, చివర సున్నా పెట్టి, పని అయిపోయిందనుకున్నారు.

చిక్కంతా అక్కడే ఉంది. 'నర్దమా' అన్న మాట చూడగానే అది ఒడియా అని ఎవరికైనా తెలిసిపోతుంది. తెలియనివాళ్లు పక్కవాళ్లను అడుగుతారు, మురుగుకాలువ అని చెబుతారు, సరిపోతుంది. సంస్కృత పదాన్ని ఎవరూ ఆపి అడగరు. అది మన ఇంటి మనిషిలాగే ఉంటుంది, నేరుగా లోపలికి వచ్చి కూర్చుంటుంది. కొత్త మొహం వల్ల వచ్చే ఇబ్బంది తక్కువ. తెలిసిన మొహంతో వచ్చి వేరే మాట చెప్పేదానితోనే అసలు తంటా.

మీ కాగితంలో మూడో వాక్యం నాకు మరీ నచ్చింది. "నర్దమాలు పరిష్కారం చేయబడినవి" అట. ఒడియాలో 'పరిష్కార' అంటే శుభ్రం. ఇల్లు పరిష్కారం, బట్టలు పరిష్కారం. మనకేమో చిక్కు విడిపోవడం పరిష్కారం. మరి ఒడియావాళ్లు చిక్కు విప్పడాన్ని ఏమంటారు? 'సమాధాన' అంటారు. అది మన దగ్గర జవాబు! దాంతో తెలుగు పక్క చదివినవాళ్లకు ఏమర్థమవుతుందంటే, కౌన్సిలర్ గారి మీద 27 నేరాలు మోపారు, ఆయన 19టికి జవాబిచ్చుకున్నారు, ఆ తర్వాత కాలువల తగాదా తీర్చారు. ఒడియా పక్కన ఉన్న సంగతి వేరు: 27 ఫిర్యాదులు వచ్చాయి, 19 తీరాయి, కాలువలు శుభ్రమయ్యాయి.

ఇందులో ఒడియా తప్పూ లేదు, తెలుగు తప్పూ లేదు. మెరుగుపెట్టడం, శుద్ధి చేయడం అన్నది 'పరిష్కారం'కి పాత అర్థం. ఆ అర్థం మన దగ్గరా పూర్తిగా పోలేదు. తాళపత్రాల్లో తప్పులు ఏరి, పాఠం సరిచేసి అచ్చు వేయించేవారిని 'గ్రంథ పరిష్కర్త' అంటున్నాం కదా. ఆయన పుస్తకాన్ని శుభ్రం చేసినవాడే. ఒడియావాళ్లు అదే పని కాలువకు చేశారు.

'వ్యవసాయం' కథ కూడా ఇలాంటిదే. సంస్కృతంలో అది పట్టుదలతో పూనుకునే పని. మనకు ఆ పూనిక పొలం దున్నడం అయింది, వాళ్లకు వ్యాపారం అయింది. 'వ్యవసాయ లైసెన్సు' చూసి కిరాణా కొట్టాయన "నాకు పొలమే లేదు కదా" అని కాగితం పక్కన పడేస్తే, రేపు జరిమానా ఎవరు కడతారు? అందరికీ తెలిసిన 'ట్రేడ్ లైసెన్సు' అన్న మాటే ఉంచాలి. ఇక 'నా చేష్ట వలన' అన్నది పాపం కౌన్సిలర్ గారు వినయంగా రాయించిన మాట. ఒడియాలో చేష్ట అంటే ప్రయత్నం. మన దగ్గర చేష్టలు కోతులకూ అల్లరి పిల్లలకూ ఉంటాయి.

నవ్వుతున్నానని అనుకోకండి, నాకూ ఒకసారి ఇది తగిలింది. ఉద్యోగ విరమణ అయ్యాక బరంపురంలో ఒక సభకు పిలిచారు. తెలుగు ఆహ్వానపత్రంలో నా పేరు పక్కన 'అవసరప్రాప్త ఉపాధ్యాయులు' అని అచ్చేశారు. ఒడియాలో 'అబసరప్రాప్త' అంటే పదవీ విరమణ చేసినవాడు. నెలాఖరు రోజులు కావడంతో తెలుగు అర్థం కూడా నాకు బాగానే సరిపోయింది, ఊరుకున్నాను.

ఇప్పుడు మీ పక్కింటి పెద్దాయన మాటకు వద్దాం. ఫిర్యాదు ఉర్దూ దారిన వచ్చిందన్న మాట నిజమే, దాని పుట్టిల్లు పారసీ. పారసీలో 'ఫర్యాద్' అంటే ఆపదలో పెట్టే కేక. మన అచ్చ తెలుగులో దానికి సరైన మాట 'మొర'. పేరు పరాయిదైనా, లోపల ఉన్నది మన మొరే. అలాగని "27 మొరలు అందినవి" అని రాయమని చెప్పను. మొర దేవుడికో రాజుకో పెట్టుకుంటాం, కౌన్సిలర్‌కి ఓటేసి ఎన్నుకున్నాం. ఆయన దగ్గరకు వెళ్లేది ఫిర్యాదుతోనే. పింఛను కావాలనో రేషన్ కార్డు కావాలనో వెళితే అది అర్జీ. ఏదో చెడిపోయిందనో, ఎవరో పని చేయలేదనో చెబితే ఫిర్యాదు. ఈ తేడా తెలుగులో చక్కగా స్థిరపడి ఉంది, చెడగొట్టుకోవడం ఎందుకు? పైగా ఆ కాగితంలోనే బకాయి ఉంది, మరమ్మతు ఉంది, దుకాణదారులు ఉన్నారు. ఇవన్నీ ఆ దారిన వచ్చినవే. వాటికి లేని అభ్యంతరం ఫిర్యాదుకే ఎందుకు వచ్చిందో పెద్దాయన్నే అడగండి. ఒడియాలో కూడా 'ఫేరాద' అన్న మాట ఉంది, అక్కడి పత్రికలు వాడుతూనే ఉంటాయి.

ఒక ప్రశ్న మీరు అడగలేదు కానీ అడగాల్సిందే. మీ ఊరి పిల్లలు ఒడియాలో చదువుకుంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. రేపు వాళ్లందరూ తెలుగులోనే "మున్సిపాలిటీకి అభియోగం ఇచ్చాను" అనడం మొదలుపెడితే? అప్పుడు అది పర్లాకిమిడి తెలుగులో ఒప్పే అవుతుంది. ఈ మాట గట్టిగా చెప్పడానికి నేను అక్కర్లేదు. మీ ఊళ్లో పిల్లలకు పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా వాదించింది దీని కోసమే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు కానీ, ఆయన చెప్పిన సూత్రం మీ ఊళ్లోనూ చెల్లుతుంది: నలుగురూ మాట్లాడేదే రాతకు ప్రమాణం. ఆ కొలతతో చూస్తే 'హోల్డింగ్ ట్యాక్సు' ఉండాల్సిందే. శ్రీకాకుళంవాళ్లు ఇంటి పన్ను అంటారని మీరు మార్చుకోనక్కర్లేదు. మీ వీధిలో 'నర్దమా' అంటుంటే అదీ ఉండనివ్వండి. అభియోగం మాత్రం ఆ పరీక్షలో ఇంకా నెగ్గలేదు. నెగ్గి ఉంటే మీ ఆవిడ గారు కంగారు పడేవారు కాదు.

మీ అబ్బాయి సందేహానికి వస్తాను. 'చేయబడినది' తెలుగే. చేయన్ + పడు, ద్రుతం (అంటే చివరి 'న్') మీద ప-కారం బ-కారమై 'చేయఁబడు' అయింది. వ్యాకరణం ఒప్పుకుంటుంది, పండితులు రాశారు. మాట్లాడేటప్పుడు మాత్రం మనకు దాని అవసరం పడదు. కరెంటు పోతే "తీసేశారు" అంటాం. ఎవరు తీశారో తెలియదు, చెప్పం, బహువచనం పెట్టి ఊరుకుంటాం. "కరెంటు తీసివేయబడినది" అని ఇంట్లో అన్నవాణ్ని ఇంతవరకు చూడలేదు. ఒడియా కాగితంలో 'కరాజాఇఛి' అని ఉండి ఉంటుంది. వాళ్లకు అది ఆఫీసు భాషలో మామూలు వాడుక. దాన్ని ఉన్నదున్నట్టు దించితే 'చేయబడినది' వచ్చింది.

కౌన్సిలర్ గారికి సరిగ్గా సరిపోయే క్రియ తెలుగులో ఒకటి ఉంది, అదే ఆయన కాగితంలో లేకపోవడం నాకు వింతగా ఉంది. కాలువలో దిగి పూడిక తీసింది పారిశుధ్య కార్మికులు. డబ్బు మున్సిపాలిటీది. ఆయన చేసింది వెంటపడి ఆ పని జరిగేలా చూడడం. అందుకే 'తీశాను' అంటే అబద్ధం, 'తీయబడినది' అంటే ఎవరిదీ కాని పని. 'తీయించాను' అంటే ఉన్నమాట. ఆ ఒక్క '-ఇంచు'లో ఆయన పాత్ర ఎంతో అంతే ఉంది, ఎక్కువా లేదు తక్కువా లేదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది: పూడిక మళ్లీ నిండితే ఎవరిని అడగాలో జనానికి తెలుస్తుంది. కొందరు 'బడినది'ని అంతగా ఎందుకు ఇష్టపడతారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు, మీ కౌన్సిలర్ గారి గురించి అనడం లేదు.

'చెల్లించగలరు' గురించి రెండు ముక్కలు. వాతావరణం వార్తల్లో 'రాగల 24 గంటల్లో' అంటారు చూడండి, ఆ 'గల' జరగబోయేదాన్ని చెబుతుంది. ఆహ్వానాల్లో 'విచ్చేయగలరు' అలా వచ్చిందే, తప్పు పట్టను. పన్ను దగ్గర మాత్రం "కట్టే స్తోమత మీకుంది" అని మెచ్చుకున్నట్టు వినబడుతుంది. 'కట్టండి' చాలు.

నేనైతే ఆ కాగితాన్ని ఇలా రాస్తాను: "పోయిన నెల మీ దగ్గర నుంచి 27 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో 19 పరిష్కారమయ్యాయి. మూడు వీధుల్లో కాలువలు శుభ్రం చేయించాను. పాడైన బోరింగు బాగుచేయించాను. దుకాణాలవాళ్లు ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ చేయించుకోండి. హోల్డింగ్ ట్యాక్సు బాకీ ఉన్నవాళ్లు నెలాఖరులోగా కట్టి రసీదు తీసుకోండి."

మిగిలిన 8 ఫిర్యాదులు ఏమయ్యాయో కాగితంలో ఏ పక్కన రాశారో నాకు తెలియదు, మీరు పంపిన వాక్యాల్లో మాత్రం లేదు. అది భాషకు సంబంధించిన సందేహం కాదు కనుక కౌన్సిలర్ గారినే అడగండి.